సముద్రమున్న ఇంటికి వైరింగు

హెలెన్ పొద్దున్నే ఐదున్నరకి లేచి, మెయిన్ దించేసి, ముందు స్విచ్చుబోర్డులు తుడుస్తుంది. ప్రార్థనైనా టీ అయినా ఆ తరవాతే. తుడిచిన గుడ్డని బకెట్లో పిండితే ఉప్పునీళ్ళు కారతాయి. పెళ్ళై ఆ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ, అంటే ముప్పై నాలుగేళ్ళుగా, ఇదే పని.

రాయ్‌పూర్లో తెలీబంధా చెరువుకి రెండు వీధుల అవతల ఉన్న ఆ ఇంట్లోకి రోజుకి రెండుసార్లు సముద్రం వస్తుంది. నీళ్ళు కనిపించవు. గోడలు చెమరుస్తాయి, ఉప్పుగాలి వీస్తుంది, వంటింట్లో గిన్నెలు చిన్నగా కదులుతాయి. హెలెన్ అత్తగారు మరియమ్మ బందరు నుంచి కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, సముద్రం హోరు లేనిదే నిద్ర పట్టడం లేదని ఆర్నెల్లు ఏడ్చిందట. ఏడో నెలలో సముద్రమే వచ్చింది. మామగారు సుందరరావు రైల్వే మనిషి కనక, వచ్చీపోయేవాటికి టైము రాసుకోకపోతే ఆయనకి తోచదు. చర్చి క్యాలెండరులో ప్రతి తేదీ కిందా పోటు ఎప్పుడో ఆటు ఎప్పుడో పెన్సిలుతో రాశాడు. పెద్దవాళ్ళిద్దరూ పోయినా ఇంట్లో ఆ అలవాటు నిలిచింది.

మే నెలలో రాయ్‌పూర్ నలభై ఐదు డిగ్రీల్లో మాడుతుంటే, వీధిలో ఆడవాళ్ళంతా పోటు వేళకి బియ్యం చాటలు పట్టుకుని హెలెన్ వరండాలో చేరతారు. వడియాలు మాత్రం ఎవరూ తేరు. ఆ ఇంట్లో అవి చచ్చినా ఎండవు.

ఎటొచ్చీ సముద్రానికీ కరెంటుకీ పడదు. ఫ్యాను రెగ్యులేటరు ఏడాదికి మించి బతకదు. ఫ్రిజ్జు ముట్టుకుంటే జిల్లుమంటుంది, అందుకని దానికో ప్రత్యేకమైన జత చెప్పులు. ఇంతకాలం దీన్ని ఎవరూ కష్టమనుకోలేదు. ఆ ఏడాది ఏప్రిల్లో హెలెన్ భర్త డేనియల్ ఆసుపత్రిలో పడ్డాకే కష్టమైంది.

డేనియల్ తిల్దాలో రైసుమిల్లు సూపర్‌వైజరుగా ముప్పై ఏళ్ళు చేశాడు. ఊక దుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంది. ఇంటికి పంపిస్తాం గానీ రోజుకి పదహారు గంటలు ఆక్సిజన్ మెషీను నడవాలి అన్నాడు డాక్టరు. మెషీను ఇచ్చేవాళ్ళు ఇంటి వైరింగు చూసి, ఈ బోర్డుకి తగిలిస్తే మనిషికంటే ముందు మెషీను పోతుందన్నారు. కొత్త వైరింగు చేయించి, కరెంటాఫీసు వాళ్ళ చేత పరీక్ష చేయించి, కాగితం చూపిస్తే గానీ మనిషిని ఇంటికి పంపరు. హెలెన్ స్వయానా నర్సు. ఆసుపత్రిలో ఎక్కువ రోజులుంటే ఈ జబ్బుకి ఇంకో జబ్బు తోడవుతుందని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదట వచ్చిన మిస్త్రీ మంచివాడే. రాయ్‌పూర్లో అందరి ఇళ్ళకీ వేసినట్టే గోడ చెక్కి, లోపల ఇనప డబ్బాలు బిగించి, సిమెంటు పూసి వెళ్ళాడు. పదిరోజుల్లో డబ్బాల చుట్టూ గోడ ఎర్రబారింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వెలిగే రెండు లైట్లూ ఆరిపోయాయి.

తరవాత భన్‌పురి నుంచి రాజేష్ అనే కాంట్రాక్టరు వచ్చాడు. గోడలు తట్టి, వేలితో తడి తీసి నాలిక్కి రాసుకుని చూసి, తల పంకించాడు.

"వైరింగు తప్పు కాదు మేడమ్. సముద్రాన్ని బంద్ చెయ్యాలి. కెమికల్ ఉంది, ఎనిమిది రోజుల్లో నాలుగు గోడలూ పూసేస్తాను. మళ్ళీ జన్మలో రాదు."

హెలెన్ ఆ సాయంత్రం ఆసుపత్రిలో డేనియల్‌కి చెప్పింది.

"అమ్మ తెచ్చుకున్నది గదా హెలెన్" అన్నాడు. ఊపిరి తీసుకుని, "అయినా నువ్వెట్లా అంటే అట్లా" అన్నాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. సముద్రం ఉంటే మొగుడు ఇంటికి రాడు. మొగుడు రావాలంటే సముద్రం పోవాలి. మొగుణ్ణే ఎంచుకుంది. ఎవరైనా అదే చేస్తారు. మర్నాడు రాజేష్ మనుషులు కెమికల్ డ్రమ్ములు వరండాలో దింపారు.

అది విని పక్కింటి సాహూ ఆంటీ పరుగెత్తుకొచ్చింది. వీధికి ఉన్న ఒక్క సముద్రమూ పోతుందని ఆవిడ బాధ. తన బోరు మోటారు బాగుచేసిన పిల్లని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. ఆ పిల్ల పేరు ప్రీతి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం, ఐటీఐ చదువు, లైసెన్సు ఉంది. ఆడపిల్ల నిచ్చెనెక్కుతుందా అని అడిగినవాళ్ళందరికీ నిచ్చెన మీంచే జవాబు చెప్పే రకం.

ప్రీతి ముందు ఇల్లంతా ఒకసారి తిరిగింది. క్యాలెండరు దగ్గర ఆగింది.

"ఇది పోటు టైమేనా ఆంటీ?"

"అవునమ్మా."

"బస్, చాలు, ఇంకేటి కావాలి? ఏ టైముకి తడుస్తాదో గోడే చెప్తంది. ఇంత సీదా ఇల్లు నేనెక్కడా చూడనేదు."

"మరి సముద్రాన్ని ఆపద్దా?"

"ఆపడమెందుకు? మా తాతోళ్ళూరు సముద్రం ఒడ్డునే ఉంది. అక్కడ ఇళ్ళల్లో లైట్లు వెలగట్లేదా? ఆ డ్రమ్ములు వాపస్ ఇచ్చీయండి."

ఆ పిల్ల మాటల్లో ధీమా చూసి హెలెన్‌కి మొదట కోపం వచ్చింది, తరవాత ధైర్యం వచ్చింది. డ్రమ్ములు వెనక్కి పోయాయి.

ప్రీతి ఏ తీగనీ గోడలోకి పోనివ్వలేదు. ప్లాస్టిక్ గొట్టాలని గోడకి వేలెడు దూరంలో కొక్కేల మీద నడిపింది, బట్టలారేసే తీగలాగా. ఇనుమన్నది లేదు. రాగి తీగలకి తగరం పూత, డబ్బాలకి రబ్బరు అంచు. ఒక్కో గదికి ఒక్కో లీకేజీ స్విచ్చు పెట్టింది, వంటింట్లో తడి తగిలితే వంటింట్లోనే కరెంటు పోతుంది గానీ పడకగదిలో పోదు. మెషీనుకైతే మెయిన్ నుంచి సొంత లైను. ఎర్తింగు గుంటలో పొయ్యడానికి బొగ్గుతోపాటు ఉప్పు బస్తా కూడా పంపాడు దుకాణంవాడు. ప్రీతి నవ్వి ఉప్పు తిరిగి పంపేసింది. ఆ పెరట్లో రెండడుగులు తవ్వితే మన్ను ఉప్పగా ఉంది.

పన్నెండు రోజులకి పని అయింది. కరెంటాఫీసు నుంచి పరీక్షకి మనిషి రావాలి.

"పొద్దున తొమ్మిదికి పిలుద్దాం" అంది హెలెన్. "అప్పుడు ఆటు. గోడలు పొడిగా ఉంటాయి."

ప్రీతి స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ ఆగింది. "వద్దాంటీ. పున్నమి శుక్రవారం కదా, ఆ రోజు నిండు పోటప్పుడు పిలవండి. ఆటులో పాసై, పోటులో పడిపోతే అంకుల్‌కి ఊపిరి ఎవరిస్తారు?"

"ఫెయిలైతేనో?"

"అవదు. అయితే మొత్తం ఊడబీకి మళ్ళీ వేస్తాను."

శుక్రవారం వచ్చినాయన గోడల మీంచి నీళ్ళు ధారగా కారుతుంటే, ప్యాంటు మడుచుకుని, తీగల్లోంచి కరెంటు లీకవుతుందేమో చూసే మెగ్గరు పెట్టాడు. మీటరు ముల్లు ఎక్కడుండాలో అక్కడే నిలబడింది. మూడు గదుల్లోనూ చూసి, వరండాలో కూచుని, ఇంకాసేపు గాలి పీల్చుకుని, సంతకం పెట్టాడు. సోమవారం డేనియల్ ఇంటికొచ్చాడు.

మూడు వారాలు మెషీను ఒక్కసారి కూడా ఆగలేదు. హెలెన్ పొద్దున్న బోర్డులు తుడవడం మానేసింది.

జూన్ మొదటి వారంలో ఒకరోజు పదకొండున్నరకి దుమ్ము తుఫాను లేచింది. చెట్టు విరిగి ట్రాన్స్‌ఫార్మరు మీద పడింది. కాలనీ అంతా కరెంటు పోయింది. ఇన్వర్టరు మెషీనుని రెండున్నర దాకా నడిపింది. తరవాత హెలెన్ చిన్న ఆక్సిజన్ సిలిండరు తగిలించింది. పెద్ద సిలిండర్లు తెచ్చే బండి భన్‌పురిలో చెట్లు అడ్డంపడి చిక్కుకుపోయింది. అంబులెన్సు వాళ్ళూ దారి లేదన్నారు. కబురందిన ప్రీతి స్కూటరు సగం దారిలో వదిలేసి నడిచొచ్చింది. తన బోర్డు, తన లైను అన్నీ చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కరెంటే లేదు.

"నేనేటీ చెయ్యలేను ఆంటీ" అంది. ఆ మాట అనడం ఆ పిల్లకి అదే మొదటిసారి.

నాలుగుంబావుకి సిలిండరు ముల్లు సున్నాకి చేరింది. డేనియల్ వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు తొంభై నుంచి ఎనభై ఏడుకి దిగింది. హెలెన్ ఆయన్ని మంచం మీద కూచోబెట్టి, వీపుకి దిండ్లు ఎగదోసి, అప్పటికి ఇంట్లో వీస్తున్న పోటుగాలికి ఎదురుగా తిప్పింది. నర్సుగా ఆమె చెయ్యగలిగింది అంతే. పెదాలు నీలంగా ఉన్నాయి. గాలి ఆయన చొక్కాని ఉబ్బించింది. ఎనభై తొమ్మిది. పది నిమిషాలకి తొంభై ఒకటి.

ప్రీతి క్యాలెండరు చూసి గొంతు తగ్గించింది. "ఆటు నాలుగున్నరకే మొదలవుతాది ఆంటీ."

"తెలుసు" అంది హెలెన్.

నాలుగున్నర అయింది. గాలి తగ్గలేదు. ఐదైంది. గోడలు ఇంకా కారుతూనే ఉన్నాయి, వంటింట్లో గిన్నెలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. హెలెన్ పది నిమిషాలకోసారి అంకె రాసుకుంది. తొంభై రెండు, తొంభై మూడు, తొంభై మూడు. ఆరింటికి డేనియల్ మంచినీళ్ళడిగాడు. సాహూ ఆంటీ తెచ్చి ఇచ్చి, తలుపు దగ్గర నేల మీద కూచుంది.

ఏడూ పదికి కరెంటు వచ్చింది. ప్రీతి స్విచ్చు వేసింది, మెషీను గుర్రుమంది. హెలెన్ ఆయన ముక్కుకి గొట్టం తొడిగి, అంకె చూసి, రాసి, అప్పుడు కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా ఉండి, సముద్రం వెళ్ళిపోయింది.