సామానంతా అమ్మకానికి, నిండు బుడ్డి తప్ప

మా బీరు క్లబ్బు పేజీలో నేను ఇంట్లో బీరు వండుకునే సామాను అమ్మకానికి పెట్టానా, అప్పట్నించీ మా షెబోయ్‌గన్ ఊళ్ళో కనపడ్డవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "వెళ్తున్నావా కర్ట్, ఉంటున్నావా?" అని. నాకు తెలిస్తే చెప్పనూ?

జరిగింది మొదట్నించీ చెప్తా. నేను అట్టపెట్టెలు కోసే మిషను మీద పనిచేస్తా. పెళ్ళికి ముందు నించీ అదే ఫ్యాక్టరీ, అదే మిషను. ఈ చలికాలం మొదట్లో మా సూపర్‌వైజరు మార్లిస్ అందర్నీ క్యాంటీన్లో కూర్చోబెట్టి, మా లైను, అంటే మా మిషన్లన్నీ కలిపి, ఎక్కడో దూరాన కెంటకీ రాష్ట్రానికి వెళ్ళొచ్చు అంది.

"వెళ్ళొచ్చు అంటే వెళ్తుందా?" అని ఎవరో అడిగారు.

"వెళ్ళొచ్చు, వెళ్ళకపోవచ్చు. వెళ్తే, కూడా వచ్చేవాళ్ళకి పని ఉంటుంది. రానివాళ్ళ సంగతి పైవాళ్ళు చూస్తారు. వద్దామనుకునేవాళ్ళు ఇప్పట్నించే మనసులో అనుకుని ఉండండి."

ఈ మనసులో అనుకోవడం ఉంది చూశారూ, అది నాకు చేతకాదు. నాకు చేతులతో ఏదో ఒకటి చెయ్యాలి. ఇంటికొచ్చి గ్యారేజీ తలుపెత్తి చూశా. పెద్ద స్టీలు కుండ, దాని కింద గ్యాసు పొయ్యి, బార్లీ నానబెట్టడానికి నేనే కుళాయి బిగించుకున్న పిక్నిక్ ఐసు పెట్టె, మరిగిన రసం చల్లార్చే రాగి గొట్టం చుట్ట, బీరు నిలవపెట్టే పెద్ద పెద్ద గాజు బుడ్డీలు, కెగ్గులనే స్టీలు పీపాలు. మంచాలూ సోఫాలూ అంటే లారీవాడు ఎక్కిస్తాడు. వీటిని ఎవడు మోస్తాడు? కొత్త ఊళ్ళో అద్దె ఇల్లంటే గ్యారేజీ ఉంటుందో లేదో. పోనీ ఈ ముక్క ముందు తేల్చేద్దాం అనిపించింది. ఫొటోలు తీసి, "ఊరు మారే అవకాశం ఉంది, అన్నీ కలిపి ఒక్కరికే" అని పెట్టేశా. మనసుకి కాస్త తేలిగ్గా కూడా అనిపించింది.

ఆ శనివారం మంచు పేరుకుంది. ఏటా మొదటి గట్టి మంచు పడగానే నేను బార్లీ వైన్ వండుతా. పేరుకి వైనే గానీ అది బీరే. మహా ఘాటు. వండి, పులియబెట్టి, గాజు బుడ్డీలో పోసి, కింద సెల్లారులో ఏడాది పాటు కదలకుండా పడుకోబెట్టాలి. అప్పటికే మాల్టు, అదే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, కొని ఉంచా. పాడైపోతుంది కదా, కుండ వెళ్ళిపోయే ముందు ఆఖరిసారి వాడుకుందాం అనుకుని వండేశా. అది పులిసి, పొంగు తగ్గాక బుడ్డీలోకి దించి సెల్లారులో పెట్టా. అప్పుడు నాకేమీ తేడాగా అనిపించలేదు, ఒట్టు.

తేడా కనిపెట్టింది మా క్లబ్బులో గార్త్. వండగా మిగిలిన బార్లీ పిప్పంతా వాడి కోళ్ళకే పోస్తా, అందుకని నేను ఎప్పుడు ఏం వండానో వాడికి తెలిసిపోతుంది. తర్వాత ఓ శుక్రవారం, వారం వారం ఉండే చేపల వేపుడికి అందరం బారులో కూర్చున్నప్పుడు వాడు గ్లాసు కింద పెట్టి, "ఏరా కర్టూ, మొన్న నా కోళ్ళకి పోసిన పిప్పి అంత తియ్యగా ఉందేంట్రా?" అన్నాడు.

"నువ్వు తిన్నావా?"

"వాసన చూశాలే. అది బార్లీ వైన్ పిప్పి. అవునా, కాదా?"

"అవును. అయితే ఏంటి?"

క్లబ్బువాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. గార్త్ బల్ల గుద్దాడు. "ఊరొదిలి పోయేవాడు ఎవడైనా ఏడాది బీరు పెడతాడంట్రా? వారం బీరు పెట్టుకుని, తాగేసి పోతాడు గానీ! నువ్వెక్కడికీ పోవు. నీ ప్రకటన ఉత్తిదే. ఎంతొస్తుందో చూద్దామని పెట్టావు."

"ఉత్తిది కాదురా."

"అయితే బీరు ఉత్తిదా?"

అది కూడా కాదు. నిజంగానే పెట్టా. రెండూ నిజంగానే చేశా. మరి ఆ రెండూ ఒకే మనిషి ఎలా చేశాడంటే, ఏమో మరి.

సోమవారం పనిలోకి వెళ్తే మార్లిస్ ఎదురొచ్చి నా భుజం తట్టింది. "మీ క్లబ్బు పేజీలో నీ ప్రకటన మా ఆయన చూపించాడు కర్ట్. అందరూ అటా ఇటా అని నసుగుతుంటే, సామాను కూడా అమ్మేస్తున్నవాడివి నువ్వొక్కడివే. నీ పేరు మొదట రాశా."

"ఎక్కడ రాశారు?"

"వచ్చేవాళ్ళల్లో. నువ్వు ఖాయం కదా?"

నేను తల గోక్కున్నా. దాన్నే ఆవిడ అవునుగా తీసుకుని వెళ్ళిపోయింది. అంటే క్లబ్బులో నేను ఉండిపోయేవాణ్ణి, ఫ్యాక్టరీలో వెళ్ళిపోయేవాణ్ణి. ఉంటాననో వెళ్తాననో రెండుచోట్లా నేను ఒక్కమాట కూడా అనలేదు.

ఇంట్లో ఏమయిందో అడగండి. మా ఆవిడ డార్లా బడి వంటింట్లో పనిచేస్తుంది. ఆ ప్రకటన సంగతి తనకి పక్కన క్యారెట్లు తరిగే ఆవిడ చెప్పిందట. సాయంత్రం వచ్చి కోటు కూడా విప్పకుండా నిలబడింది.

"ఏమయ్యా, మనం కెంటకీ వెళ్తున్నామంటగా? అక్కడ వాతావరణం బావుంటుందని నాకు క్యారెట్లావిడ చెప్పింది."

"వెళ్తున్నామని నేనెక్కడన్నా అన్నానా?"

"ఊరందరికీ ఫొటోలతో సహా చెప్పావు, నాకు తప్ప."

"తేలాక చెబుదామని డార్లా. నాకే తెలీదు, నీకేం చెప్పను?"

"తెలీకపోతే తెలీకపోయింది! ఇద్దరం కలిసి తెలీకుండా ఉండేవాళ్ళం కదా!"

తన పని ఇక్కడ, వాళ్ళ అక్కాచెల్లెళ్ళు ఇక్కడ. అయినా ఒక్కసారి కూడా రానని అనలేదు. నువ్వు వెళ్తే వస్తా, ఉంటే ఉంటా, ముందు నువ్వు ఏదో ఒకటి అను, అంది. అదే కదా నాకు రానిది.

ఇంతలో సామాను కొనడానికి బెవ్ అని ఒకావిడ వచ్చింది. ఊళ్ళో ఉత్తరాలు పంచి రిటైరయింది, కొత్తగా బీరు పిచ్చి పట్టింది. ట్రక్కు వెనక్కి పెట్టి, కుండ, పొయ్యి, ఐసు పెట్టె అన్నీ తనే ఎక్కించేసింది. నేను సాయానికి వెళ్తే, "తప్పుకోవయ్యా, ఇంతకంటే బరువైన క్రిస్మస్ పార్సిళ్ళు మోశాను" అంది. అన్నీ ఎక్కించాక సెల్లారులోకి దిగి నిండు బుడ్డీ ముందు ఆగింది.

"ఇది కూడా ప్రకటనలో ఉంది కదా?"

"ఉందండీ. కానీ దాంట్లో బీరుంది."

"తెలుస్తోంది. తీసేయి మరి."

"ఇప్పుడు తియ్యకూడదు. వచ్చే చలికాలం దాకా పడుకోవాలి."

"సరే, బీరుతో సహా ఇచ్చేయి. ఒళ్ళో పెట్టుకున్నట్టు తీసుకెళ్తా."

"అమ్మో, కదిపితే అడుగునున్న మడ్డంతా లేస్తుందండీ. గాలి తగిలిందంటే అట్టముక్క రుచి వస్తుంది."

బెవ్ నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను కిందనించి మీద దాకా చూసింది. "మా వీధి దాకా వస్తే చెడిపోయేది, కెంటకీ దాకా ఎలా తీసుకెళ్తావు?"

డార్లా మెట్ల మీద బట్టల బుట్ట పట్టుకుని నిలబడి వింటోంది. నేను బుడ్డీ వంక చూశా, తన వంక చూశా.

"తీసుకెళ్ళను," అన్నా.

"పారబోస్తావా?"

"లేదు. వచ్చే చలికాలం మీరు రండి. బీరు సీసాల్లోకి తీసుకుని ఖాళీ బుడ్డీ నేనే మీకిస్తా."

డార్లా బుట్ట మెట్టు మీద పెట్టింది. "ఎవరు ఇస్తారు?"

"నేనే."

"వచ్చే చలికాలం ఇక్కడే ఉంటామా?"

"ఉంటాం అనుకుంటా."

"అనుకుంటావా, ఉంటామా?"

"ఉంటాం. నాకు వెళ్ళాలని లేదు డార్లా. నీకుందా?"

"నాకూ లేదు. మరి పని పోతే?"

"అది తెలీదు."

"సరే," అని పక్కకొచ్చి నిలబడింది. "అది నాక్కూడా తెలీదు."

అక్కడ్నించే మార్లిస్‌కి ఫోను చేశా. "నా పేరు తీసేయండి."

"దేంట్లోంచి?"

"కెంటకీ లోంచి."

"కెంటకీ ఇంకా ఖాయమే కాలేదయ్యా. పొద్దున్నే కబురొచ్చింది, ఇంకో ఊరు కూడా చూస్తున్నారట."

"ఏ ఊరు?"

"చెప్పలేదు."

"దాంట్లోంచి కూడా తీసేయండి."

"లైను ఎక్కడికీ వెళ్ళకపోతేనో?"

"అప్పుడు ఉంచండి."

"కర్ట్, నీ కుండ కొన్నానని బెవ్ క్లబ్బు పేజీలో పెట్టిందని మా ఆయన ఇప్పుడే చెప్పాడు. అమ్మేసి ఉండిపోతావా?"

"అవునండీ."

"నాకేం అర్థం కాలేదు."

ఫోను పెట్టేశాక బెవ్ అడిగింది, మరి సామాను వెనక్కి దించమంటావా అని. నేను నోరు తెరిచేలోపే డార్లా అందుకుంది. "వద్దు, తీసుకెళ్ళండి బెవ్. గ్యారేజీలో ఈ చలికాలమన్నా నా కారు పెట్టుకుంటా."