గుంతలో తేలిన కండెలు

భిక్షపతి లేవగానే చేసే మొదటి పని మగ్గం గుంతలోకి తొంగి చూడటం. గుంతలో మోకాటిలోతు నీళ్లు ఉండేవి. ఆ నీళ్ల మీద నూలు చుట్టిన కండెలు ఆరో ఏడో, ఒకదానికొకటి మెల్లగా తగులుకుంటూ తేలుతుండేవి. వాటిని ఏరి, గోడవారన ఎండ పడేచోట వరుసగా ఆరబెట్టి, ఆ తర్వాతే ముఖం కడుక్కునేవాడు. ఎదురింటి ఐలవ్వ వాకిలి ఊడుస్తూ, రోజూ ఆ వేళకే చీపురు ఆపేది.

“ఎంతదాకున్నయి కొడుకా ఇయ్యాల నీళ్లు?”

“మోకాలిదాక ఉన్నయవ్వా.”

“కండెలో?”

“ఏడు.”

“ఏడంటే మంచిగనే ఉన్నది పిల్ల,” అని ఐలవ్వ మళ్లీ ఊడ్చుకునేది.

సిద్దిపేటకు ఉత్తరపు అంచున, వాగును ఆనుకొని ఉన్న సాలెవాడ అది. ముప్పై ఇళ్లు, ముప్పై మగ్గాలు. నేతగాడు నేల మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి జారవిడిచి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ఇంట్లో అన్నిటికంటే పల్లపు చోటు ఆ గుంతే. అందుకే మిగతా ఊరికి వాన ఆకాశంలోంచి వస్తే, సాలెవాడకు మాత్రం పాదాల కిందినుంచి వచ్చేది. వాగులో ఏటేటా ఇసుక మేట వేసి, ఒడ్డుకూ అడుగుకూ తేడా లేకుండా పోయింది. పై చెరువు అలుగు దూకితే ఆ నీళ్లకు పోయే దారి లేక వాడలోకి తిరిగేవి.

పోయిన ఏడాది అట్లాగే తిరిగితే వాడంతా గట్టెక్కింది. యుద్ధం మూలంగా నూలు మీద కంట్రోలు ఉన్న కాలం. చీటీ రాయించుకొని, మూడు వారాలు ఎదురుచూసి తెచ్చుకున్న నూలు కట్ట ఇంట్లోనే ఉండిపోయిందని భిక్షపతి భార్య అనసూర్య గట్టు మీదినుంచి వెనక్కి పోయింది. కట్టను చంకన పెట్టుకొని, రాట్నాన్ని నెత్తిన పెట్టుకొని గడప దాటడం చూసినవాళ్లున్నారు. ఆ తర్వాత చూసినవాళ్లు లేరు. నాలుగో రోజుకు వాడలో నీళ్లు తీశాయి, భిక్షపతి మగ్గం గుంతలో తప్ప. ఎన్ని కడవలు తోడిపోసినా ఆ నీళ్లు మళ్లీ మోకాటికే వచ్చి నిలిచేవి. అయిదో రోజు తెల్లవారేసరికి వాటి మీద కండెలు తేలాయి. కొసను రెండు చుట్లు తిప్పి లోపలికి దోపడం అనసూర్య పద్ధతి. వాడలో ఇంకెవరూ అట్లా దోపరు.

ఇంట్లో చావు జరిగితే సాలెల మగ్గం పదకొండు రోజులు ఆడకూడదు. భిక్షపతి మగ్గం ఒక్క పూట కూడా ఆగలేదు. అడ్డపోగుగా పేక పోయడానికి కండెలు వస్తూనే ఉన్నాయి, అతను నేస్తూనే ఉన్నాడు. ఏడాదిపాటు నీళ్లలో నానిన పాదాలు తెల్లబడి, మొద్దుబారాయి. ముల్లు గుచ్చుకున్నా తెలిసేది కాదు. మనిషి కూడా అట్లాగే ఉన్నాడని వాడలో అనుకునేవారు. తినమంటే తినేవాడు, పలకరిస్తే పలికేవాడు. దుఃఖం వచ్చిన మనిషిని ఓదార్చవచ్చు. దుఃఖం ఇంకా వాకిటి దాకా రాని మనిషికి ఏం చెప్పాలో ఎవరికీ తోచలేదు.

చిక్కు ఎండాకాలంలో వచ్చింది. వాగు పూడిక తీయించాలని వాడంతా కలిసి తాలూకా కచేరీలో పెట్టుకున్న దరఖాస్తు తిరిగివచ్చింది. కులపెద్ద బాలనర్సయ్య ఆ కాగితాన్ని మడతల్లోంచి విప్పి, అందరినీ తన అరుగు మీద కూర్చోబెట్టాడు.

“పోయిన ఏడు నష్టం లెక్క రాసుకోనీకి గిర్దావర్ సాబు గుర్రమెక్కి వచ్చిండు, యాదికున్నదా? ‘మనుషులు ఎవరన్న పోయిన్రా’ అని అడిగిండు. మనమేం జెప్పినం?”

అప్పుడు భిక్షపతి చెప్పిన జవాబు అందరికీ గుర్తుంది. “ఎవ్వలు పోలేదు సాబ్, పొద్దుగాల కండెలు చుట్టిపెట్టింది,” అన్నాడు. వాడ మొత్తం తలూపింది. ఎవరూ అబద్ధమాడలేదు, కండెలు అప్పటికి ఎండలో ఆరుతూనే ఉన్నాయి. గిర్దావర్ ప్రాణనష్టం లేదని రాసుకొని గుర్రమెక్కాడు.

“గా ఒక్క ముక్క పట్టుకొని కూసున్నరు,” అన్నాడు బాలనర్సయ్య. “మనిషి పోని కాడ సర్కారు మన్ను తియ్యదట. పెండ్లాం పోయిందని మొగడొచ్చి చెప్పి, ఏలిముద్ర ఏస్తేనే కాయితం కదులుతదట. మిర్గం వానలకు ఇంక నెల లేదు.”

చూపులన్నీ భిక్షపతి మీదికి పోయాయి. అతను అరుగు అంచున కూర్చుని, చేతిలోని ఖాళీ కండెను అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“ఆమె పోలేదు గద మామా,” అన్నాడు చివరికి.

“పోలేదని మాకెరుకే. ఉన్నదని సర్కారుకెట్ల చెప్పాలె?”

“నీకేంది కొడుకా,” అంది ఐలవ్వ. “నీ గుంతల కండెలు తేలుతయి. నీళ్లొస్తే మా గుంతలల్ల కప్పలు తేలుతయి. వాటిని పెట్టి నేస్తే చీర బెకబెకమంటది.”

అందరూ నవ్వారు. ఐలవ్వ మాత్రం నవ్వలేదు. ఆమె మగ్గం చెక్కలు కుళ్లి రెండుసార్లు మార్చారు. మూడోసారి మార్చే శక్తి ఆ ఇంటికి లేదు.

“ఈసారి నీళ్లొస్తే నేను దుబ్బాకల బిడ్డింటికి పోత కొడుకా,” అంది మెల్లగా. “ఇగ మళ్ల రాను.”

భిక్షపతి లేచి ఇంటికి పోయాడు. ఇది ఒక్క మాటతో అయ్యే పని. కానీ ఆ మాట అన్న మర్నాడు గుంతలోకి ఎట్లా తొంగి చూడాలో అతనికి తెలియలేదు. చెప్పని మాట వల్ల బతికి ఉన్న మనిషి, చెప్పిన మాటతో ఏమవుతుంది?

ఆ వారంలోనే కండెలు తగ్గాయి. ఏడు పోయి అయిదయ్యాయి, అయిదు మూడయ్యాయి. వాటికి ఇసుక అంటుకొని వచ్చేది. నాడెలో పెట్టి విసిరితే పోగు గరగరలాడి తెగేది. గుంత అడుగున కూడా ఇసుక చేరి, కాలి చెక్కలు కదలడం బరువైంది. ఒకనాటి పొద్దున ఒకే ఒక్క కండె తేలింది. అతను దాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. చుట్టు వదులుగా ఉంది. కొస లోపలికి దోపడానికి రెండుసార్లు ప్రయత్నించి విడిచిపెట్టినట్టు నలిగి ఉంది.

ఆమె ఎంత బరువు కింద కూర్చుని చుడుతున్నదో అతనికి ఇంతకుముందు ఎప్పుడూ తట్టలేదు.

“ఎన్ని కొడుకా?” అంది ఐలవ్వ.

అతను కండువా భుజాన వేసుకొని కచేరీకి నడిచాడు. మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. గిర్దావర్ కాగితం మీదినుంచి తలెత్తి ఏం కావాలన్నాడు.

“నా పెండ్లాం సచ్చిపోయింది సాబ్. పోయిన ఏడు వాగుల.”

“అప్పుడు లేదంటివి గద?”

“అప్పుడు నాకెరుక లేదు.”

గిర్దావర్ అతని ముఖం వంక చూసి, రాసుకున్నాడు. భిక్షపతి బొటనవేలు సిరాలో అద్ది, చూపించినచోట నొక్కాడు. ఏమీ అనిపించలేదు. ఏడుపు వస్తుందేమోనని కచేరీ మెట్ల మీద ఆగి చూశాడు. రాలేదు. ఇంటికి వచ్చి, ఉన్న ఒక్క కండెతో చీకటిపడేదాకా నేశాడు.

కాగితం ఈసారి కదిలింది. మిర్గానికి ఇంకా పది రోజులుండగా వంద గజాల మేర పూడిక తీయడానికి హుకుం వచ్చింది. గిర్దావర్ కొలతల గొలుసు మోయించుకొని వాగులో దిగాడు. మైలు పొడుగునా ఒకటే ఇసుక.

“వంద గజాలే ఇచ్చిన్రు. ఏడ మొదలుపెట్టాలె? తప్పు జాగల తవ్వితే ఇంత పనీ ఇసుకల పోసినట్టే,” అన్నాడు.

అదే సమయానికి భిక్షపతి గుంత ముందు వంగి ఉన్నాడు. ఆ రోజు కూడా ఒక్కటే కండె. దాని కొస లోపలికి దోపి లేదు. పోగు నీళ్లలోకి దిగి ఉంది. లాగితే వచ్చింది, ఇంకా లాగితే బిగిసింది. చేతితో పట్టుకొని పోతే గోడ కింది తూములోంచి బయటికి, సందు వెంట, గట్టు మీదుగా వాగులోకి సాగింది. అతను పోగు పట్టుకొని వస్తుంటే వాడవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు. వంపు దగ్గర, తుమ్మచెట్టుకు పది అడుగుల అవతల, పోగు ఇసుకలోకి నిటారుగా దిగింది.

“ఏంది గిది?” అన్నాడు గిర్దావర్.

“అనసూర్య పోగు సాబ్,” అన్నాడు బాలనర్సయ్య.

గిర్దావర్ గొలుసు పట్టించి, పోగు వెంటే కొలిచి, బహీ పుస్తకంలో రాసుకున్నాడు. “గీడ తవ్వుండ్రి,” అన్నాడు.

వాడలోని మగవాళ్లు, ఆడవాళ్లు అందరూ తట్టలు పట్టారు. నిలువెత్తు లోతు పోయాక పలుగుకు రాయి తగిలింది. తాతల నాటి రాతి మోరి అది. నీళ్లను ఆవలి పల్లంలోకి పంపిన దారి అక్కడ ఉండేదని, రాయి కనబడ్డాకే, ఐలవ్వకు ఒక్కదానికి జ్ఞాపకం వచ్చింది. ముళ్లకంప, ఇసుక కలిసి దాని నోరు మూసుకుపోయాయి. కంప లాగితే అందులోంచి రాట్నం వచ్చింది. దాని కదురుకు పోగు కొస ఇంకా పట్టి ఉంది. నూలు కట్ట కట్టిన తాడు మాత్రమే మిగిలింది, నూలు లేదు. అనసూర్య లేదు. భిక్షపతి రాట్నాన్ని ఎత్తుకొని, చేతులతో ఇసుక దులిపి, నెత్తిన పెట్టుకొని ఇంటికి తెచ్చాడు.

గుంతలో నీళ్లు లేవు.

అతను మగ్గం మీద బట్ట కప్పాడు. పదకొండు రోజులు ఆ ఇంట్లో నాడె చప్పుడు లేదు. ఏడాదిగా ఆగని చప్పుడు ఆగేసరికి వాడలో మిగతా మగ్గాలు కూడా గొంతు తగ్గించినట్టు ఆడాయి.

అందులో తొమ్మిదో రోజున పై చెరువు అలుగు దూకింది. అలవాటుగా జనమంతా మూటలు నెత్తిన పెట్టుకొని గట్టెక్కారు. వాగు ఎర్రగా, బరువుగా వచ్చి, మోరి నోట్లోంచి పల్లంలోకి దిగిపోయింది. నెత్తిన మూటలతో వాళ్లు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఏం చేయాలో తెలియక, ఒక్కొక్కరే ఇళ్లకు తిరిగిపోయారు. ఐలవ్వ దుబ్బాకకు కట్టిన మూటను విప్పుకుంది.

పన్నెండో రోజు పొద్దున భిక్షపతి బట్ట తీసి, మగ్గం ముందు కూర్చుని, కాళ్లు గుంతలోకి విడిచాడు. పొడి చెక్కలు పాదాలకు తగిలాయి. వేళ్ల కొసల నుంచి ఏదో మెల్లగా పైకి పాకింది. ముందు చీమలు పాకినట్టు, తర్వాత సూదులు దిగినట్టు. చెక్క మీదినుంచి కాలు తీయలేకపోయాడు, తీయాలనీ అనిపించలేదు. పక్కన కడిగి పెట్టిన రాట్నం ఉంది.

ఎదురింటి వాకిట్లో చీపురు ఆగింది.

“ఎంతదాకున్నయి కొడుకా?”

అతను గుంతలోకి తొంగి చూశాడు. ఐలవ్వ చీపురు పట్టుకొని అట్లాగే నిలబడింది.

“ఎండినయవ్వా,” అన్నాడు భిక్షపతి. “కాళ్లు నొస్తున్నయి.”