జంట సంభాషణ

రాజధాని సువా నుంచి ఆ పెట్టె పడవలో మా దీవికి దిగినప్పుడే నాకు గుండెల్లో రాయి పడింది. చిన్నపిల్లలకు ఇంగ్లీషు నేర్పే పది ఆటలున్నాయి అందులో. మొదటిది: ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ ఎదురెదురుగా నిలబడి ఇంగ్లీషులో కబుర్లాడుకోవాలి. దీన్ని తయారుచేసిన వాళ్ళకు చుట్టాలే లేరు కాబోలు.

నేను పాఠం చెప్పే నాలుగో తరగతిలో పద్నాలుగు మంది. అందరూ ఏదో ఒక వరసే. మా ఫిజీలో పెదనాన్న పిల్లలూ పినతల్లి పిల్లలూ సొంత తోబుట్టువుల లెక్క. అన్నాచెల్లెళ్ళు ముఖాముఖి మాట్లాడుకోరు, అది మర్యాద. మేనమామ పిల్లల్నయితే ఎంత ఏడిపించినా తప్పులేదు. వారం రోజులు వరసలు తేల్చుకుని జంటలు కట్టాను. నాది టెంపరరీ ఉద్యోగం. తనిఖీకి వచ్చే అధికారి ఈ ఆట చూసి మెచ్చితేనే పర్మనెంటు, లేకపోతే తిరుగు పడవలో ఇంటికి.

అధికారి ఇనోకే గారు వచ్చారు. ముందు ఒక బావామరదళ్ళ జంట లేచింది.

"నీకు తినడానికి ఏమిష్టం?" అని లిటియా ఇంగ్లీషులో అడిగింది.

"చేప. నీ మొహంలాంటిది కాదు, మంచిది," అన్నాడు అపిసాయి. అదీ ఇంగ్లీషులోనే, ఒక్క తప్పు లేకుండా.

"ఇది సంభాషణా, తగవా?" అన్నారు ఇనోకే. "జంటలు మార్చండమ్మా."

"వరసలు కుదరవు సార్."

"ఇంగ్లీషుకి వరసలేంటమ్మా. ఆటల పుస్తకంలో ఉందా?"

ఆయనే మార్చారు. ఎవర్ని చూసినా అన్నాచెల్లెళ్ళే అయ్యారు. పిల్లలు తలలు దించుకున్నారు. ఆయన మార్కుల కాగితంలో వరసగా సున్నాలు చుట్టారు.

"బెరుకు. మీరు పోగొట్టలేకపోయారు," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం ఎలాగూ పోయినట్టే.

"మీరే చేసి చూపించండి సార్. హెడ్‌మిస్ట్రెస్ గారు ఇక్కడే ఉన్నారుగా," అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ వాసెమాదా గారు ఆయనకు పెదనాన్న కూతురు. పొద్దుటి నుంచీ టీ చాలన్న ముక్క కూడా ఆవిడకు నా చేతే చెప్పిస్తున్నారు. ఆవిడ చాప అల్లిక కేసి చూస్తూ కూర్చున్నారు. ఈయన లేచి, గొంతు సవరించుకుని, తన చెప్పుల కేసి చూస్తూ నిలబడ్డారు.

"మేడమ్," అంది లిటియా నాతో మెల్లగా, "సార్‌కి కూడా సున్నాయేనా?"

ఇనోకే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

నెల తిరక్కుండా పర్మనెంటు ఆర్డరు వచ్చింది. కారణం కూడా రాశారు: 'పిల్లలందరూ అనర్గళంగా సంభాషించారు. అధికారి స్వయంగా పాల్గొన్నారు.' జంటలు మార్చాక ఒక్కరు నోరు విప్పితే ఒట్టు.