పక్క జేబులోని బంతి

ఆ ఆదివారం ఏడో హోల్ దగ్గర మాస్టారి బంతి పోయింది.

గోల్ఫ్‌లో బంతి పోవడం వింతేమీ కాదు. ప్లీడరైతే ఆటకు నాలుగు పోగొట్టి, "గడ్డి మింగేస్తే నేనేం చేయనయ్యా?" అని వాదించేవాడు. కానీ ఇది మాస్టారి భార్య చేతిరాత ఉన్న ఆఖరి బంతి.

ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. మాస్టారు, ఆయన బావమరిది, ప్లీడరు, పళ్ళ డాక్టరు నలుగురూ ఏటా సరదాగా పెట్టుకునే ఈ పోటీకి ముందు, డజను బంతులు ఒళ్ళో వేసుకుని, సీసాల మీద పేర్లు రాసే పెన్నుతో ఒక్కోదాని మీదా 'నిదానం' అని రాసేది. కర్ర ఎత్తితే మాస్టారికి అంత తొందర. ఈ వేసవిలో ఆమె పోయింది. అప్పటికి డజనులో ఒక్కటే మిగిలింది. ఇంట్లో ఎక్కడ పెట్టినా కళ్ళ పడుతోందని, దాన్ని ఆట బ్యాగు పక్క జేబులో దాచాడు.

ఆ నలుగురికీ ఒక కట్టుబాటు ఉంది. ఎవరి బంతి వారు తీసుకోకూడదు, పక్కవాడు బ్యాగులోంచి తీసి చేతికివ్వాలి. ఒకసారి ప్లీడరు తన జేబులోంచి మెల్లిగా బంతి జారవిడిచి "దొరికిందోచ్" అని కేకేసినప్పటి నుంచీ అమల్లో ఉన్న శాసనం అది.

ఆరో హోల్‌లో మాస్టారి బంతి నీళ్ళలో పడింది. ఏడో దగ్గర బావమరిది మాస్టారి బ్యాగులో చెయ్యి పెట్టి, అందిన బంతి ఇచ్చాడు. ప్లీడరు చెబుతున్న కోర్టు కబురు వింటూ, మాస్టారు చూడకుండానే నిలబెట్టి కొట్టాడు. బంతి ఎడమకు తిరిగి, కాలువ పక్కన ఎత్తుగా పెరిగిన గడ్డిలో పడింది.

"మళ్ళీ గోవిందా! ఇంకోటి తియ్యనా బావా?" అని నవ్వాడు బావమరిది.

ఆ నవ్వులోనే మాస్టారికి ఏదో తట్టింది. "ఇప్పుడిచ్చింది ఎక్కణ్ణుంచి తీశావురా?"

"పక్క జేబులోంచి. ఏం?"

మాస్టారు కర్ర అక్కడే పారేసి పరుగెత్తాడు.

వెతకడానికి మూడు నిమిషాలే గడువని ఆట నియమం. గంట గడిచింది. మాస్టారు మోకాళ్ళ మీద పాకుతూ గడ్డిని గుప్పెడు గుప్పెడు విడదీసి చూస్తున్నాడు. వేళ్ళు కోసుకుపోయాయి.

"నెత్తురు కారుతోంది మాస్టారూ, లేవండి," అన్నాడు పళ్ళ డాక్టరు. "నా బంతులన్నీ మీవే. చాలకపోతే నా పళ్ళు పీకి ఇస్తాను."

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా పక్కనే కూర్చుని గడ్డి విడదీయసాగాడు.

అటుగా వచ్చిన తోటమాలి బండి ఆపాడు. "రేపు పొద్దున్నే ఇదంతా కోసేస్తామండీ. మిషను కింద పడిన బంతి ముక్కలు కూడా దొరకవు."

"ఒక్కరోజు ఆగు నాయనా. ఒక్క రోజు."

ముప్ఫై ఏళ్ళు తరగతులను కనుసైగతో నిలబెట్టిన మనిషి అలా బతిమాలుతుంటే ప్లీడరు ముఖం తిప్పుకున్నాడు.

"నా చేతుల్లో లేదు సార్," అని తోటమాలి వెళ్ళిపోయాడు.

అంతలో పొద చాటు నుంచి బావమరిది కేక. "బావా! దొరికింది!"

మాస్టారు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. 'నిదానం' అని ఉంది. అంటుకున్న మట్టిని బొటనవేలితో తుడిచాడు. అక్షరాలు వేలితోపాటే సాగి, నల్లటి చార అయ్యాయి. ల్యాబు పెన్ను రాత స్పిరిట్‌కు కూడా చెరగదు.

బావమరిది చేతిలో స్కోరు రాసే పెన్ను ఇంకా మూత లేకుండానే ఉంది.

"ఎందుకురా ఇలా?"

"ఏం చేయమంటావు మరి? తీసిచ్చింది నేనే కదా! అది మా అక్క రాత బావా. నువ్వొక్కడివే పోగొట్టుకున్నావా?"

కాపీ కొట్టిన పిల్లలకు ఏం చెప్పాలో మాస్టారికి ఎప్పుడూ తెలుసు. ఇప్పుడు మాత్రం చార పడ్డ బంతిని బ్యాగు పక్క జేబులో పెట్టి జిప్పు వేశాడు. మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బావమరిది వచ్చి, చెయ్యి అందేంత దూరంలో కూర్చున్నాడు.

వెలుగు తగ్గింది. గేటు మూస్తున్నట్టు ఈల వినిపించింది. కాలువకు ఇవతలి గడ్డి అంతా వెతికారు. అవతలి గడ్డి ఇంకా వెతకలేదు.