సీతారావమ్మ టీచర్ గారి బోర్డు

మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి పేరేంటండీ? తడుముకోకుండా చెప్పగలరా? సరే, ముందు ఇది వినండి.

భవానీపురంలో సీతారావమ్మ గారింట్లో రోజూ సాయంత్రం ఇంగ్లీషు ట్యూషన్. ఆవిడ బోర్డు మీద రివర్ అని రాస్తే సుద్దపొడి రాలేది, అంతే. పెద్దక్షరం పెట్టి కృష్ణ అని రాస్తే మాత్రం గడప దాటి నీళ్ళొచ్చేవి. పిల్లలు చెప్పులు ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు. హనుమాన్ జంక్షన్ అని రాస్తే గదినిండా లారీ హారన్లు.

"కామన్ నౌన్ ఎవరికైనా చెల్లుతుంది. ప్రాపర్ నౌన్ అలా కాదు, పిలిస్తే పలుకుతుంది," అనేవారు టీచర్.

మనుషుల పేర్లు మాత్రం రాయనిచ్చేవారు కాదు. ఓసారి బాబీ అనే పిల్లాడు వాళ్ళ బాబాయి పేరు రాస్తే, ఆయన సగం గీసిన గడ్డంతో, నురగతో వచ్చి నిలబడ్డాడు మరి.

ఓరోజు ట్యూషన్ చాపలు ఉతకడానికి టీచర్ గారింట్లో పనిచేసే ఆయా రేవుకెళ్ళింది. పాఠం మధ్యలో వీధిలో ఆటో మైకు అరిచింది. "ఎగువ నుంచి నీళ్ళు వదిలారు! రేవుల్లో ఎవరూ ఉండొద్దు!"

బోర్డు మీద కృష్ణ అని ఉంది. గడప దగ్గర నీళ్ళు ఎర్రబడ్డాయి. పెరుగుతున్నాయి.

టీచర్ ఫోన్ తీసి 'ఆయా కొత్త నంబర్' నొక్కారు. వంటింట్లో పప్పుడబ్బా పక్కన మోగింది.

"రేవుకి పరిగెడదామా టీచర్?" అన్నాడు బాబీ.

"రోడ్డు మూసేసుంటార్రా, పోనివ్వరు."

"అయితే బోర్డు మీద రాయండి!"

ఆయా అని రాశారు. పొడి రాలింది. పెద్దక్షరం పెట్టారు. అయినా పొడే.

"అది పేరు కాదుగా టీచర్," అంది వేదశ్రీ.

"తెలుసే! పేరు... దాని పేరేంటర్రా?"

ఏళ్ళ తరబడి ఆమె కలిపిన కాఫీ తాగిన ఇల్లది. ఒక్కరికీ తెలియదు. నీళ్ళు మడమలకొచ్చాయి.

పక్కింటి శాంభవి గారు కిటికీలోంచి, "లక్ష్మి అని రాయండి. వీళ్ళంతా లక్ష్ములేగా," అన్నారు.

రాశారు. ముగ్గురొచ్చారు. తాళాలగుత్తితో బ్యాంకు లక్ష్మి గారు, అట్లపిండి చేతులతో మేడమీద లక్ష్మి, చీపురుతో మూడో ఆమె.

"నీ పేరు లక్ష్మా?" అన్నారు శాంభవి గారు. ఆ చీపురు వాళ్ళింటిదే.

"ఇప్పుడడుగుతున్నారా అమ్మగారూ?" అని నవ్వబోయి, సంగతి విని లక్ష్మి చీపురు వదిలేసింది. "మా అమలమ్మా? రేవులోనా? చూస్తారేంటి, రాయండమ్మా!"

టీచర్ చేతిలో సుద్దముక్క విరిగింది. మిగిలిన ముక్కతోనే అమలమ్మ అని రాశారు.

గడప దగ్గర ఎర్రనీళ్ళు సుడి తిరిగాయి. అందులోంచి ముందు చాప వచ్చింది, దాన్ని పట్టుకున్న చెయ్యి వచ్చింది, తర్వాత దగ్గుతూ అమలమ్మ.

లక్ష్మి తన కొంగుతో ఆమె తల తుడిచింది.

"కాళ్ళ కింద మెట్టు పోయింది టీచర్ గారూ. ఇక అయిపోయాననుకున్నా. అంతలో ఎవరో పేరెట్టి పిలిచారు." అమలమ్మ అందరి మొహాలూ చూసింది. "మా అమ్మేమో అనుకున్నా. ఈ ఊళ్ళో నన్నట్టా ఎవరు పిలుస్తారు?"

టీచర్ కాఫీ కలపడానికి వంటింట్లోకి నడిచారు.

ఇక లేవండి. ఇంటికెళ్ళి మీ అంట్లు తోమే ఆమె పేరు అడగండి. మీ గడప తడవకముందే అడగండి.