బాలి లైను

జెబా టీచర్ మూడో తరగతి పిల్లలు ముగ్గురు వరసగా వెళ్లి, తనిఖీకి వచ్చిన పిచ్చయ్య సార్ ముందు తలా ఒక లైను చదివి, నోరు మూసుకుని నిలబడ్డారు. గద్దించినా రెండో లైను పెగల్లేదు.

"ఏంది మేడం గిదీ? మొదటి లైను బట్టీ పట్టించిన్రా?" అన్నాడాయన, చేతిలోని ట్యాబ్‌ను వేలితో పొడుస్తూ.

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న తండా బడి అది. పిల్లలకు చదవడం రాదని తేలితే దాన్ని వాగు అవతలి బడిలో కలిపేస్తారు. కలిపేవాళ్లదేం పోయింది, వానాకాలం వాగు ఎవరి మాట వింటుంది గనక! ఆడపిల్లను ఆ వాగు దాటించి పంపే తల్లి తండాలో ఒక్కతీ లేదు. వీళ్ల చదువు ఈ పూటతో సరి అనుకుంది జెబా.

అసలు ఈ పిల్లలకు చదవడం రాకేం! ఇంట్లో లంబాడీ, బళ్లో తెలుగు. ఇల్లందు నుంచి వచ్చిన కొత్తలో జెబా ఎంత గొంతు చించుకున్నా గోడకు చెప్పినట్టే ఉండేది. తను పొద్దంతా చెప్పినా ఎక్కనిది, పక్కనున్న పిల్ల రెండు ముక్కల్లో చెబితే ఇట్టే ఎక్కేస్తోంది. అది కనిపెట్టాక ఆమె అహం దిగమింగి, అందరినీ జోడీలుగా కూర్చోబెట్టింది. ఒక లైను ఒకరు, తర్వాతి లైను ఇంకొకరు. తడబడితే జోడీయే అందుకోవాలి. గడుగ్గాయిలు మొత్తం తామే చదివేస్తుంటే, ఎవరి లైను వాళ్లదే, పక్కవాళ్లది గుంజుకోవద్దని చెవి మెలిపెట్టి మరీ నేర్పింది.

"తర్వాత ఎవరు?"

ద్వాలి వెళ్లింది. బళ్లో ఇంకా చెప్పని పాఠం తీశాడు సార్. ద్వాలి మొదటి లైను తప్పు లేకుండా చదివి ఆగిపోయింది.

"చదువమ్మా. రాదా?"

"వస్తది సార్. గది బాలిది."

జెబాకు అప్పుడర్థమైంది. ఒంటరిగా చదవడమనేది కూడా ఒకటుంటుందని ఈ పిల్లలకు ఎన్నడైనా చెప్పిందా? తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

"సార్, మా పిల్లలు జోడీగా చదువుతరు, లైనుకొకరు. ఈమె జోడీ బాలిని పక్కన కూసోబెట్టున్రి."

"జోడీ గీడీ నడువది మేడం. ఒక్కరే చదవాలె. గదే రూలు."

"ద్వాలీ, ఇయ్యాల మొత్తం నువ్వే చదువు బిడ్డా. నేనేమనను," అంది జెబా.

ద్వాలి అనుమానంగా చూసింది. చెవి మెలిపెట్టిన మనిషి మాట నమ్మడమెలా? కళ్లనిండా నీళ్లు తిరిగాయి గానీ పెదవి కదల్లేదు. సార్ వేలు మళ్లీ ట్యాబ్ మీదికి పోయింది. జెబాకు ఆ వేలు పట్టుకుని ఆపాలనిపించింది.

అప్పుడు వెనక వరసలో బాలి లేచి, లంబాడీలో ఏదో గట్టిగా అంది.

"ఏమంటాంది?" అన్నాడు సార్.

ముందు కూర్చున్న గోప్యా చెప్పాడు: "ఆమె లైన్లు గూడ ద్వాలికే ఇచ్చిందంట సార్. ఇయ్యాల్టికే."

ద్వాలి ముక్కు తుడుచుకుని మొదలుపెట్టింది. బాలి లైను, తన లైను, మళ్లీ బాలి లైను. నడుమ ఒక పెద్ద మాట దగ్గర చతికిలబడింది. ఎక్కడ చెప్పేస్తానోనని బాలి రెండు చేతులతో నోరు మూసుకుంది. ద్వాలి ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఆ మాట దాటి, పేజీ చివరిదాకా చదివి తలెత్తింది.

పిచ్చయ్య సార్ ట్యాబ్ బల్ల మీద పెట్టేశాడు.

"గా ముగ్గురిని మళ్ల పిలువున్రి మేడం," అన్నాడు. "ముందుగాల వాళ్ల జోడీలను అడుగున్రి, లైన్లు ఇస్తరో లేదో."