ఆరని పొయ్యి

పాత పశువుల కొట్టం ముందు జేసీబీ తొండమెత్తి నిలబడి ఉంది. కొట్టాన్ని కూలగొట్టడానికి గుత్త పట్టిన ఇజాజ్ లోపలికి తొంగిచూసి, వెంటనే వెనక్కి వచ్చాడు.

"పటేలా, ఎవ్వలుంటలేరన్నవు. పొయ్యిల నిప్పుంది."

కొట్టం యజమాని నగేశ్ కాలువ వైపు చూశాడు. నిజాంసాగర్ నీళ్లు వదిలారు, ఊరంతా నాట్లలో ఉంది. చూసేవాళ్లు ఉండరనే ఈ రోజు చూసుకున్నాడు.

"ముసల్ది ఒక్కతుంటది. బాన్సువాడకు వోయింది. నువ్వు గానియ్యి."

బేరం నిన్ననే కుదిరింది. కూల్చినందుకు నగేశ్ పైసా ఇవ్వక్కర్లేదు. టేకు దూలాలు, దర్వాజలు ఇజాజ్‌వి. ఖాళీ అయిన జాగాలో నగేశ్ వరికోత మిషన్‌కు రేకుల షెడ్డు వేసుకుంటాడు.

ఆ కొట్టంలో ఓ మూలన పోసవ్వ ఉంటుంది. ఆమె మొగుడు ఇరవై రెండేళ్లు నగేశ్ వాళ్లింట్లో పాలేరుగా జీతమున్నాడు, ఏడాదికి పద్దెనిమిది వందలకూ ఒక జత చెప్పులకూ. అతను ఎడ్ల మధ్యనే ప్రాణం విడిచిన రోజు నగేశ్ తండ్రి పదిమందిలో అన్నాడు: "పానమున్నన్ని దినాలు గీ కొట్టం నీదే పోసవ్వా." కాగితం లేదు. ఆ పదిమందిలో ఇప్పుడు మిగిలింది నగేశ్ ఒక్కడే. అప్పుడతనికి పన్నెండేళ్లు. మాట మాత్రం బాగానే వినబడింది.

నగేశ్ దుర్మార్గుడేం కాదు, మొహమాటస్తుడు. లేచిపొమ్మని ముఖం మీద అనలేక, పొద్దున "పింఛన్ వడ్డదట అవ్వా" అని అబద్ధమాడి, ఆటో కిరాయి చేతిలో పెట్టి మరీ పంపాడు. ఛీ, దీనికన్నా లేచిపొమ్మనడమే మర్యాద!

"నిప్పుంటే ఏమాయె? నీళ్లు సల్లుమను."

"నాతోని గాదు పటేలా. పొయ్యి మండుతున్న ఇంటికి మా అబ్బాజాన్ గడ్డపార తాకియ్యలె, నేను తాకియ్య. ఇంటోళ్లే ఆర్పాలె, గప్పుడే మా పని." ఇజాజ్ చెంబెడు నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చాడు. "ఇల్లు నాదే అంటివి గదా. ఆర్పు."

నగేశ్ లోపలికి వెళ్లాడు. పిడకల సెగకు కుండలో పప్పు మెల్లగా ఉడుకుతోంది. పక్కన రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఒకటి ఆమెది. రెండోది, పొలం నుంచి వస్తూ చాయ్ తాగిపోయే నగేశ్‌ది. అతను వంగాడు, కానీ చెంబు వంచలేదు.

అంతలో పోసవ్వ వచ్చింది. బయటి జేసీబీ కాలువ పనికనుకుంది.

"పింఛన్ ఇంకా రాలేదట బిడ్డా. నీకెవ్వడో అబద్ధం జెప్పిండు." మిగిలిన కిరాయి ఇవ్వబోతూ కొంగుముడి విప్పింది. అప్పుడు చెంబు కనబడింది. ఇళ్లు కూలగొట్టే ఇజాజ్ కనబడ్డాడు. ముడి మళ్లీ వేసుకుంది.

నగేశ్‌కు తల కొట్టేసినట్టయింది. "అవ్వా, షెడ్డుల నీకో మూలకు..."

"మీ నాయిన అన్న మాట నువ్విన్నవా, లేదా?"

అతను చెంబు కింద పెట్టాడు.

"ఇన్నవా లేదా బిడ్డా?"

"ఇన్న."

గుమ్మంలో నిలబడ్డ ఇజాజ్ కూడా విన్నాడు. ఆ మాటకిప్పుడు రెండో సాక్షి ఉన్నాడు.

"అయితె జర్ర జరుగు. పప్పుడకాలె," అని పోసవ్వ పొయ్యి ముందు కూర్చుని, ఇంకో పిడక విరిచి నిప్పులోకి ఎగదోసింది.